మాటకు సావాసమే అర్థం
(స్మారకోపన్యాసం)



మాస్టారు మాకు ఇంగ్లీషు చెప్పారు. ఆయన పేరిట జరిగే సభలో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే ఒక మధ్యాహ్నమే మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది. ఎనిమిదో తరగతి. మా నోటుపుస్తకాల్లో పేజీకి నడిమధ్య ఒక గీత ఉండేది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. 'రన్' అనే మాటకు ఎదురుగా 'పరుగెత్తు' అని రాసుకున్నాం. ఆ రోజు పాఠంలో కుళాయి కట్టేయకుండా వదిలేశారన్న వాక్యం వచ్చింది. అందులోనూ 'రన్' ఉంది. నా పక్కన కూర్చున్నవాడు లేచి "కుళాయి పరుగెత్తుతోందండీ" అన్నాడు. తరగతంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. అందరినీ బడి వెనక కాలువ గట్టుకు తీసుకెళ్లారు.

"నీళ్లు ఏం చేస్తున్నాయిరా?"

"పారుతున్నాయండీ."

"పోలీసుల్ని చూసి దొంగ ఏం చేశాడు?"

"పారిపోయాడండీ."

"చూశారా, నీళ్లకీ దొంగకీ మనమూ ఒకే మాట వాడుతున్నాం. వాడు చెప్పింది తప్పేం కాదు. సగమే చెప్పాడు, అంతే."

మిగిలిన ఆ సగం గురించే నేనివాళ మాట్లాడదలచుకున్నాను.

చిన్నపిల్లలు మొదట నేర్చుకునే ఇంగ్లీషు మాటల్లో 'రన్' ఒకటి. మూడక్షరాల ఈ మాట నిఘంటుకర్తలకు పెట్టిన పని అంతా ఇంతా కాదు. అయితే మొదట్లో ముందున్నవి వేరే మాటలు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో 'టేక్' అనే క్రియకు నూటముప్ఫైకి పైగా అర్థాలు ఇచ్చాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో 'సెట్' అనే మాటదే పెద్దపీట. ఆ ఒక్క క్రియకే 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. తర్వాత జరుగుతున్న సవరణలో 'రన్' ముందుకొచ్చింది. 2011 నాటికి ఆ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు లెక్కతేలాయి. ఆ పద వివరణ సిద్ధం చేయడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? పాత ఇంగ్లీషులో పరుగెత్తడానికీ ప్రవహించడానికీ ఒక క్రియ, పరుగెత్తించడానికి మరో క్రియ ఉండేవి. కాలక్రమంలో రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. అందుకే ఇంగ్లీషులో గుర్రమూ 'రన్' అవుతుంది, మనిషి దుకాణాన్నీ 'రన్' చేస్తాడు. మనకు నడుచు, నడుపు వేరు. పారు, పారించు వేరు. మన భాష ప్రత్యయంతో చెప్పే తేడాను ఇంగ్లీషు పక్కనున్న మాటల చేత చెప్పిస్తుంది. ఆపైన యంత్రాల కాలం వచ్చింది. రైలు, మిల్లు, మోటారు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రామ్, అన్నీ ఈ మాట నీడకే చేరాయి.

ఇక తెలుగులోకి రండి. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టిన చోట మనకు ఎన్ని మాటలో! బస్సు నడుస్తుంది. నీరు పారుతుంది. ముక్కు కారుతుంది. ఉతికితే చీర రంగు దిగుతుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. గానుగ కూడా ఆడుతుంది. గుణం వంశంలో వస్తుంది. చేతిలో డబ్బు అయిపోతుంది. ఎన్నికల మాట ఇంకా విచిత్రం. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం పరుగెత్తుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మన ఊళ్లోనూ సర్పంచి పదవికి నిలబడతారు. పని ఒకటే. ఒక జాతి దాన్ని పరుగుగా చూసింది, మరో జాతి నిలకడగా చూసింది.

అరువు తెచ్చుకున్నప్పుడు మనం మాటను మొత్తంగా తెచ్చుకోం. క్రికెట్ నుంచి 'పరుగు' తీసుకున్నాం. బంతి బౌండరీ దాటితే బ్యాటర్ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులే అంటాం. అక్కడ మాట కాళ్లను వదిలేసి లెక్కలో స్థిరపడింది.

మన 'పారు'నూ దగ్గరగా చూడండి. పూర్వం శకటరేఫతో 'పాఱు' అని రాసిన మాట ఇది. ఏరు పారుతుంది, చూపు పారుతుంది, జూదగాడి పాచిక పారుతుంది. పనికిరానిదాన్ని పారేస్తాం. ఆ 'పారేయడం'లోనూ ఈ 'పారు'యే ఉంది. నిఘంటువు వీటిని ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి విడదీస్తుంది. పలికేవాడి మనసులో మాత్రం అవన్నీ ఒకే కాలువకు పిల్లకాలువలు.

ఇక పర్యాయపదాలు. పరుగెత్తాడు, ఉరికాడు, లగెత్తాడు, దౌడు తీశాడు, కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఇవన్నీ ఒకటేనా? తెలంగాణలో 'ఉరుకు' అంటే పరుగే. కోస్తాలో ఆ మాట వినగానే ముందు దూకడం తోస్తుంది. గుర్రం దౌడు తీస్తుంది కాని కాళ్లకు బుద్ధి చెప్పదు. అలా చెప్పేది భయపడ్డ మనిషే. పర్యాయపదాలంటే ఒకే ఇంట్లో పుట్టిన తోబుట్టువులు. పోలిక ఉంటుంది, ఒకరి బదులు ఒకరు పెళ్లిపీటల మీద కూర్చోలేరు.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. అమరకోశం మాటల్ని స్వర్గవర్గం, భూమివర్గం అంటూ విషయాన్ని బట్టి పేర్చింది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం పద్యాల్లో కూర్చాడు. 1852లో లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ తన పర్యాయపద కోశాన్ని భావాల వరుసలోనే వెలువరించాడు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఒకరు ఒక భాషలోని మాటల మధ్య చుట్టరికాలు చూపితే, మరొకరు రెండు భాషల మధ్య వంతెన కట్టారు.

అర్థాన్ని తేల్చేదేమిటన్న ప్రశ్నా కొత్తది కాదు. 'సైంధవం' అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం దగ్గర సైంధవం తెమ్మంటే ఉప్పు తెస్తారు, ప్రయాణం వేళ తెమ్మంటే గుర్రం తెస్తారు. మన శాస్త్రకారులు తరతరాలుగా చెబుతూ వచ్చిన ఉదాహరణ ఇది. మాటకు అర్థాన్ని నిర్ణయించేవాటిలో సాహచర్యం ఒకటని భర్తృహరి వాక్యపదీయం లెక్కపెట్టింది. 1957లో భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ కూడా మాటను దాని సావాసాన్ని బట్టే తెలుసుకోవాలన్నాడు. ఆయన లాహోర్‌లో పాఠాలు చెప్పినవాడు, తెలుగునూ పరిశీలించినవాడు.

మాస్టారు ఈ పుస్తకాల పేర్లేవీ మాకు చెప్పలేదు. కాలువ గట్టు నుంచి తిరిగొచ్చాక నోటుపుస్తకాల్లోని నిలువుగీత కొట్టేయమన్నారు. ఆ రోజు నుంచి మాటకు ఎదురుగా మాట రాయనివ్వలేదు. వాక్యం కింద వాక్యం రాయించారు. కొత్త వాక్యం దొరికినప్పుడల్లా చేర్చుకోవడానికి కింద నాలుగు వరుసలు ఖాళీగా వదలమనేవారు.

ఈ సభ ద్వారా ఉపాధ్యాయులకు నా విన్నపం అదే. పిల్లలకు మాటను ఒంటరిగా అప్పగించకండి. దాని ఇరుగుపొరుగుతో సహా పరిచయం చేయండి. నిఘంటుకర్తలకూ ఒక మనవి. పడు, పట్టు, ఆడు, పారు వంటి మన చిన్న క్రియలు ఏయే మాటలతో జతకడతాయో ప్రాంతాలవారీగా సేకరించే పనికి పూనుకోండి. ఇంగ్లీషువాళ్లు ఒక్క 'రన్' కోసం తొమ్మిది నెలలు వెచ్చించారు. మన 'పారు'కు ఆ మాత్రం ఓపిక దక్కాలి.

ఆనాటి నా నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది. 'రన్' కింద మాస్టారు వదిలించిన నాలుగు వరుసలూ ఎప్పుడో నిండిపోయాయి. ఇప్పుడు అంచుల్లో రాసుకుంటున్నాను.