హాజరు చిత్రము - చెఱువు పని



పనికి వచ్చిన కూలీ పేరు మస్టరులో వ్రాయుట యెందులకు? కూలి ఇచ్చుటకు. కూలి ఇచ్చుట యెందులకు? చెఱువులో పూడిక తీసినందులకు. పూడిక తీయుట యెందులకనగా, వానలు వెనుదీసిన పిదప మఱి నాలుగు దినములు నీరు నిలుచుటకు. ఈ వరుసలో మస్టరు అన్నిటికంటె చిన్నది. ఆ చిన్నదే పెద్దదైన వైనమును నేడు మీకు విన్నవింపదలచితిని.

గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో వచ్చినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆ పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది. కుటుంబమునకు ఏటికి 100 దినముల పని, 15 దినములలో కూలి అని చట్టము పల్కినది. మస్టరు కాగితముపై నున్న కాలమున అందు దొంగపేర్లు చేరెను; ఆ దోషము లేదనుట అసత్యము. దానికి విరుగుడుగా కేంద్ర ప్రభుత్వము 2021లో సెల్‌ఫోను హాజరును తెచ్చి, 2023 జనవరి 1 మొదలు, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప తక్కిన వానికన్నిటికి దానిని తప్పనిసరి చేసినది. పనిచోటనే దినమునకు రెండు మాఱులు కూలీల ఫోటో తీసి పంపవలెను.

ఉద్దేశము మంచిదే. జరిగినదేమి? మట్టిపనికి గోతి పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కట్టుదురు. వేసవిలో తెల్లవాఱుజామున వచ్చి, ఎండ ముదరకమునుపే తన కొలత ముగించిన యాడుకూతురు రెండవ ఫోటో కొఱకు ఆ యెండలోనే కాచుకొనవలసి వచ్చెను. సిగ్నలందని కొండపల్లెలలో మేటు ఫోను పట్టుకొని మిట్టలెక్కి దిగవలసి వచ్చెను. ఫోటో చేరనిచో పాఱ పట్టిన దినము పట్టనట్లే! తవ్విన గోయి కన్నులెదుట నున్నను లెక్కకు రాదు.

పోనీ, దొంగహాజరైన ఆగెనా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖవారే రాష్ట్రములకు వ్రాసిన ఉత్తరువు వినుడు. పనితో సంబంధములేని ఫోటోలు పంపిరట. ఫోటోకే మరల ఫోటో తీసి పంపిరట. ఒకే మనుష్యులు పెక్కు మస్టరులలో కనబడిరట. మస్టరులోని ఆడవారి సంఖ్యకు, మగవారి సంఖ్యకు ఫోటోతో పొత్తు కుదరలేదట. దీనికి శాఖవారు చూపిన యుపాయమేమి? పంచాయతీలో ప్రతి ఫోటోను మనుష్యులే చూచి సరిపోల్చవలెనని! మనుష్యుని కన్నును నమ్మక యంత్రమును తెచ్చిరి. యంత్రమును నమ్మలేక మరల మనుష్యునే కూర్చుండబెట్టిరి. అయితే ఈ మాఱు అతడు చెఱువుగట్టున లేడు, తెరముందు ఉన్నాడు. అతనికి కనబడునవి ముఖములు. గట్టు కుంగినదా, తూము పూడినదా, తీసిన మన్ను వానకు మరల చెఱువులోనికే జాఱినదా అనునవి ఆ ఫోటోలో లేవు.

ఆ చట్టములోనే 17వ విభాగము గ్రామసభకు సామాజిక తనిఖీ చేయు నధికారమిచ్చినది. ఆంధ్రదేశమున 2006 నుండియే అది మొదలైనది. సభలో మస్టరు బిగ్గరగా చదివినచో, గతించినవాని పేరు వినబడగనే నలువురు లేచి చెప్పుదురు. దానికి సిగ్నలక్కఱలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టమునకు మాఱుగా వేఱొక చట్టము చేసి, దినములను 125కు పెంచినది. అందు యంత్రపు తనిఖీలకు చోటు మఱింత హెచ్చినది. గ్రామసభ తనిఖీ మాత్రము తొలగిపోలేదు.

కావున పెద్దలారా, మీ యూర ఆ సభ కూడినప్పుడు మస్టరుతోపాటు కొలతల పుస్తకమును కూడ తెప్పించి చదివింపుడు. చదువుచుండగనే, టేపు ఇచ్చి ఇరువురిని చెఱువుగట్టునకు పంపుడు.