ఏ బోరు రివాల్వర్ కొనాలి? ముందు ఎవరి తుపాకి దింపించాలి?

(కోనసీమ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

కుర్రాళ్లు ఒక చీటీ పంపారు. "కొంటే ఏ రివాల్వర్ కొనాలి? పెద్ద బోరుదా, చిన్నదా?" అని. కొందరు నవ్వారు. నవ్వొద్దండి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగుర్ని, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారని వింటూ పెరిగిన పిల్లలు ఇది అడక్క ఇంకేమడుగుతారు? సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను.

సినిమాల్లో హీరో చేతిలో చూసేది 44 మాగ్నం. దాని గుండు వెడల్పు సుమారు 11 మిల్లీమీటర్లు. పేల్చగానే చెయ్యి పైకెగిరిపోద్ది. అలవాటు లేనోడి రెండో గుండు కొబ్బరి చెట్టు మొవ్వులోకే పోవాలి. మన పేటల్లో ఇళ్లెలా ఉంటాయి? తాటాకు దడి, సిమెంటు రేకు, పల్చటి గోడ. ఇంటికీ ఇంటికీ మధ్య చూరు నీళ్లు పడేంత జాగా. అంత బలమైన గుండు ఎదుటివాడికి తగలకపోతే ఆ గోడ దాటి పక్కింట్లో ఉయ్యాల్లో ఉన్న బిడ్డకి తగులుద్ది. అందుకని పెద్ద బోరు మోజు ఇక్కడే వదిలెయ్యండి.

ఇక దొరికేదేమిటి? విదేశీ రివాల్వర్ల దిగుమతి మామూలు జనానికి మూసేసి దశాబ్దాలైంది. పాతవి లక్షల్లో చేతులు మారతాయి. 9 ఎం.ఎం. లాంటివి నిషిద్ధ బోరు, మనకివ్వరు. లైసెన్సు మీద మామూలుగా దొరికేది 32 బోరు, ఆరు గుళ్లది. కాన్పూరు సర్కారు ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ల రక్షణకంటూ "నిర్భీక్" అనే 32 బోరు రివాల్వర్ తెచ్చింది. అరకిలో బరువు. అప్పటి ధర 1,22,360 రూపాయలు! రొయ్యల షెడ్డులో తలకాయలు వొలిచే అక్క ఎన్నేళ్లు వొలిస్తే ఆ రక్షణ కొనుక్కుంటుంది? ఎవడో నాటు తుపాకి చవగ్గా ఇస్తానంటాడు. ఆ గుమ్మం తొక్కొద్దు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మామూలు తుపాకి దగ్గరుంటేనే రెండేళ్ల నించి ఐదేళ్లు జైలు. మనల్ని లోపలెయ్యడానికి సాకు కోసం చూసేవాళ్లకి మనమే అందిస్తామా?

మరి ఏం చెయ్యాలి? అసలు సంగతికి వస్తున్నాను. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని రూల్సు 1995లో వచ్చాయి. మూడో రూలు ఎంతమంది చదివారు? దాడి జరుగుద్దని భయమున్న చోట సర్కారు ఏం చెయ్యాలో అందులో వరసగా ఉంది. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చెయ్యాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గర బంధువులవీ, పాలేర్లవీ, స్నేహితులవీ కూడా. ఆ తుపాకులు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలి. దొంగ తుపాకులు పట్టుకోవాలి. ఆ తర్వాత, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలకి లైసెన్సులివ్వాలి. వరస చూశారా? ముందు వాళ్లది దింపడం, తర్వాత మనకివ్వడం. మనోళ్లు చివరి ముక్క పట్టుకుని "మాకూ తుపాకి" అంటున్నారు. మొదటి ముక్క ఎవరూ అడగరు. దానికి మనకి పైసా ఖర్చు లేదు, గురి నేర్చుకోనక్కర్లేదు. దొరల ఇంట్లో తుపాకి దిగితే పేట మొత్తానికి లాభం. మన ఇంటికొచ్చే తుపాకి ఒక్క ఇంటికే.

అయినా లైసెన్సుకి దరఖాస్తు పెట్టొద్దనను. ప్రాణభయం నిజంగా ఉన్నవాళ్లు పెట్టండి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షనే చెబుతోంది. కాదంటే కారణం కాగితం మీద రాయాలి. నోటిమాటతో "పోవయ్యా" అంటే కదలొద్దు, కాగితం అడగండి. దాని మీద అప్పీలు ఉంది. ఫలానా తేదీన మాకు ప్రాణభయముందని చెప్పాం, మీరు కాదన్నారు అని రేపు కోర్టులో ఆ కాగితమే మాట్లాడుద్ది. ఒకటి గుర్తుంచుకోండి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు మామూలుగా స్టేషన్లో పెట్టించేస్తారు. మనకి గొడవలెక్కువయ్యేది ఆ రోజుల్లోనే.

ఇంకో మాట. చుండూరులో వాడింది తుపాకులు కావు, గొడ్డళ్లూ బరిసెలూ. పోలీసు పికెట్ ఊళ్లో ఉండగానే జరిగింది. మన అమలాపురం చూడండి. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు తగలబెట్టారు. మంత్రికి తుపాకుల కాపలా లేకపోయిందా? వందల మంది మీద పడితే ఆరు గుళ్లు ఏ మూలకి?

బాబాసాహెబ్ ఆయుధమంటే భయపడ్డ మనిషి కాదు. మహార్లకి సైన్యంలో రెజిమెంటు కావాలని పట్టుబట్టాడు, 1941లో అది వచ్చింది. అదే మనిషి 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో, ఆయుధం పట్టే హక్కు ప్రతివాడికీ ఉండాలని కామత్ సవరణ తెస్తే ఒప్పుకోలేదు. అందరికీ తుపాకి హక్కంటే ఊళ్లో ముందు ఎవరి చేతికి వస్తుందో మనకి వేరే చెప్పాలా?

కాబట్టి పని ఇది. సమాచార హక్కు కింద రాజోలు, కొత్తపేట, అమలాపురం మండలాల్లో ఎన్ని తుపాకి లైసెన్సులున్నాయి, అందులో ఎస్సీలవి ఎన్ని అని కలెక్టరాఫీసుకి ఒక్కో అర్జీ పెట్టండి. పేర్లు అడగొద్దు, లెక్క చాలు. కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకొకసారన్నా కూడాలి. ఆ కమిటీలో మనవాడున్నాడో లేడో కనుక్కోండి, ఉంటే ఆ లెక్క ఆయన చేతిలో పెట్టి మూడో రూలు అడిగించండి. బెదిరింపులున్న పేటల వాళ్లు తేదీలతో సహా రాసి తెండి. అర్జీలు రాసిపెట్టడానికి మనోళ్లు వెనక బెంచీలో కూర్చున్నారు, భోజనాలయ్యాక వాళ్ల దగ్గరికి వెళ్లండి.