ముప్ఫై గ్రాముల చాక్లెట్టు

పాలవాడి లెక్క నేను ఇప్పటికీ వంటింట్లో క్యాలెండరు మీదే వేస్తానండీ. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నెలాఖరున లెక్కలో తేడా వస్తే మాత్రం అందరూ ఆ క్యాలెండరు దగ్గరికే వస్తారు. నిన్నటిది నిన్ననే రాసుకున్నాను గనుక నాకు ధైర్యం. మరి ఆ గీతల్ని ఎవరైనా రాత్రికి రాత్రి చెరిపేసి వేరే వేస్తే? పైగా ఆ పని చేసేది ప్రభుత్వమే అయితే?

జార్జ్ ఆర్వెల్ రాయగా 1949లో వెలువడిన ‘1984’ నవలలో జరిగేది అదే. ఆయన పుట్టింది మన బీహారులోని మోతీహారిలో, 1903లో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బి.బి.సి.లో చేరి మన దేశానికి ప్రసంగాలు తయారుచేశాడు. ఆ లెక్కన మా రేడియోవాళ్లకు చుట్టమే! మెట్రిక్‌తో ఆగిన చదువు నాది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ లండన్‌లో ఒక గుమాస్తా. సత్య మంత్రిత్వశాఖలో ఉద్యోగం. పేరుకే సత్యం, పని మాత్రం పాత పత్రికల్లోని మాటల్ని ప్రభుత్వానికి అనుకూలంగా మార్చడం. ఎక్కడ చూసినా ‘పెద్దన్న’ బొమ్మలే. ఇంటి గోడకు టెలిస్క్రీన్. దాన్ని మనం చూడడం కాదు, అదే మనల్ని చూస్తుంది.

అక్కడ చాక్లెట్టు కూడా రేషనే. ముప్ఫై గ్రాములనుంచి ఇరవైకి తగ్గించారు. తగ్గించబోమని అంతకుముందు ఇచ్చిన మాటను పత్రికలో మార్చింది విన్‌స్టనే. మర్నాడు వార్త ఏమిటనుకున్నారు? రేషను వారానికి ఇరవై గ్రాములకు పెంచినందుకు పెద్దన్నకు కృతజ్ఞతగా ఊరేగింపులు జరిగాయట! క్యాంటీనులో పక్కవాళ్లు నమ్మేశారు కూడా. కార్డు పట్టుకుని వరుసలో నిలబడిన ఏ ఇల్లాలైనా నమ్ముతుందా, చెప్పండి?

విన్‌స్టన్ చేతిలో తుపాకీ లేదు. పాత సామాన్ల కొట్లో కొన్న ఓ నోటుపుస్తకం ఉంది. టెలిస్క్రీన్ కంటపడని మూల కూర్చుని, తేదీ వేసి రాయడం మొదలుపెట్టాడు. ఆ తేదీ సరైనదో కాదో కూడా అతనికి తెలియదు! పట్టుబడితే మరణం, కాకుంటే పాతికేళ్ల వెట్టి శిబిరం.

జూలియాతో అతని ప్రేమ గురించి అందరూ చెబుతారు. నాకు గుర్తుండిపోయింది అతని తల్లి. ఆకలి రోజుల్లో ఓ చాక్లెట్టు ముక్క దొరికితే, ముప్పావు వంతు కొడుక్కే ఇచ్చి, పాపకు పావు వంతు పెట్టింది. ఆ పావునూ వీడు లాక్కుని పరుగెత్తాడు. ఇవ్వడానికి ఇంకేమీ లేక ఆవిడ పాపను గుండెలకు హత్తుకుంది. వాడు తిరిగొచ్చేసరికి తల్లీ లేదు, చెల్లీ లేదు. ఆ హత్తుకోవడం వల్ల చాక్లెట్టు తిరిగి రాదు. అయినా ఆవిడ హత్తుకుంది. పెద్దన్న రాజ్యం అన్నిటికన్నా ముందు మాన్పించాలని చూసింది అదేనని విన్‌స్టన్‌కు పెద్దయ్యాక అర్థమైంది.

చివరికి పట్టుబడ్డాడు. నాలుగు వేళ్లు చూపించి, అవి ఐదని ఒప్పుకునేదాకా హింసించారు. తర్వాత వదిలేశారు. ఒకరోజు కాఫీ హోటల్లో కూర్చుని ఉండగా చిన్ననాటి జోరువాన గుర్తొచ్చింది. కొవ్వొత్తి వెలుగు, తల్లి కొనితెచ్చిన పాములూ నిచ్చెనల ఆట. అదేనండీ, మన వైకుంఠపాళి. పందెం ఏమిటో తెలియకపోయినా, అందరూ నవ్వుతుంటే పాప కూడా నవ్వింది.

అది అబద్ధపు జ్ఞాపకమని తనకు తానే చెప్పుకుని, విన్‌స్టన్ దాన్ని పక్కకు నెట్టేశాడు.