ఎద్దులబండి నుండి విమానం దాకా



1810లో జాన్ హ్యాండ్స్ దొర సువార్తతో బళ్లారి చేరేనాటికి సూయజ్ కాలువ లేదు. ఇంగ్లండు ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిందే. 1869లో ఆ కాలువ తెరచుకున్నది. 1871లో మద్రాసు రైలుమార్గం గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరింది.

ఐదేండ్లకే, 1876లో, మహాకరవు వచ్చింది. ఓడలలో మద్రాసు రేవుకు దిగిన ధాన్యం రైలులో స్టేషన్ల దాకా వచ్చింది. అక్కడినుండి మన బెళుగుప్ప వంటి పల్లెలకు ఎద్దులబండే దిక్కు. మేత, నీరు లేక ఎద్దులు కూలిపోయాయి. గింజలు స్టేషనులో, ఆకలి ఊళ్ళో.

1903లో రైట్ సోదరులు గాలిలో ఎగిరారు. నేడు మన పిల్లలు బెంగుళూరులో విమానమెక్కి దేశాలు దాటుతున్నారు, సంతోషమే. అయితే అంబులెన్సు ఆలస్యమైన రాత్రి, నొప్పులు పడే తల్లిని కళ్యాణదుర్గం చేర్చడానికి మనలో ఒకరు లేచి తలుపు తీయాలి.

గనుక ఆటో, ట్రాక్టరు, కారు ఉన్న కుటుంబాలవారం ఒక మాట అనుకుందాం. ఏ వీధివారు పిలిచినా, కులం అడగకుండా బండి తీద్దాం. ఆ కరవునాడు మనవాళ్ళకు లేకపోయింది స్టేషను నుండి ఊరికి వచ్చే ఆ బండే.