కరగినది పోయినది కాదు

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునిచే రాత్రివేళ ఉప్పును నీటిలో వేయించి, మరునాటి ఉదయమున దానిని తీసికొని రమ్మనెను. ఎంత వెదకినను ఉప్పు చేతికి దొరకలేదు. ఒక వైపునుండి, నడుమనుండి, రెండవ వైపునుండి చవిచూడగా అంతటను ఉప్పదనమే యుండెను. కంటికి కానరానంత మాత్రమున వస్తువు లేకపోలేదని తండ్రి ఆ విధముగా గ్రహింపజేసెను. ఆ బోధయొక్క పరమార్థమును పెద్దలకు విడిచి, ఇందలి లౌకికమైన సంగతిని విచారింపదగును.

పంచదార పలుకనగా లెక్కలేనన్ని అణువుల పేర్పు. ఒక్కొక్క అణువున 12 కర్బన, 22 ఉదజని, 11 ఆమ్లజని పరమాణువులుండును. పలుకు నీటిలో పడినంతనే నీటి అణువులు దానిని చుట్టుముట్టి, పంచదార అణువులను ఒక్కొక్కటిగా విడదీసి తమలో కలుపుకొనును. అణువు మాత్రము చెడదు. 200 గ్రాముల నీటిలో 20 గ్రాముల పంచదార కలిపి తూచినచో సరిగా 220 గ్రాములు తూగును. జమకు ఖర్చుకు తేడా రాదు. గుడ్డతో వడియగట్టినచో మాత్రము పంచదార మిగులదు. గుడ్డ రంధ్రములకంటె అణువు మిక్కిలి చిన్నది.

మరి దానిని తిరిగి రాబట్టుట యెట్లు? ఉపాయములు రెండు: నీటిని పోగొట్టుట, చల్లార్చుట. చినగంజాము, నౌపడా ఉప్పుమళ్లలో మొదటి పనిని సూర్యుడే చేయును. చల్లార్చుట ఉప్పునకు అంతగా పనికిరాదు. 100 గ్రాముల నీరు 20 డిగ్రీల వేడిలో 36 గ్రాముల ఉప్పును, మరుగునపుడు 39 గ్రాములను మాత్రమే కరిగించుకొనును. పంచదారయో, 20 డిగ్రీలకు సుమారు 200 గ్రాములు, మరుగు నీటిలో 480 గ్రాములకు పైగా కరగును. కావుననే చిక్కని పాకము చల్లారినపుడు అధికమైన పంచదార పలుకులు కట్టును. అందు దారము వ్రేలాడదీసి, కొన్ని దినములు కదల్పక యుంచినచో పటికబెల్లము ఏర్పడును.

కాని తొందరపడువానికి పంచదార దక్కదు. నీరు ఇగిరిన పిదపను మంట తగ్గింపనిచో అది ఎఱ్ఱబడి, నల్లబడి, తుదకు బొగ్గగును. కరగుట వేరు, మాడుట వేరు. కరగినది తిరిగివచ్చును, మాడినది రాదు. అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండువారికి ఈ భేదము బాగుగా తెలియును. గానుగాడిన రసమున సున్నపుతేట పోసి, తేలిన తెట్టు తీసివేసి, పాకము సుమారు 118 డిగ్రీలకు వచ్చినంతనే పెనము దింపుదురు. అప్పుడు ఏమరినచో ఏడాది చాకిరీ పెనమునకు అంటుకొనిపోవును.

కోసిన చెరకును దినములకొలది నిలువయుంచుటయు ఇట్టి నష్టమే. అందలి పంచదార అణువు గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండుగా చీలిపోవును. ఎంత కాచినను అవి మరల ఒకటి కావు; బెల్లము గట్టిపడక జిగటగట్టును.

మాడు భయమును తొలగించుటకే ఆంగ్లేయుడైన ఎడ్వర్డ్ చార్లెస్ హోవార్డు 1813వ సంవత్సరమున ఒక ఉపాయము కల్పించెను. మూసిన పాత్రలోని గాలిని తోడివేసినచో పాకము తక్కువ వేడికే మరుగును. చక్కెర మిల్లులు నేటికిని ఈ మార్గమునే అనుసరించుచున్నవి.

శ్వేతకేతుడు వినినంతతో ఊరకొనక, చవిచూచి తెలిసికొనెను. గ్రంథాలయమున చదివిన ఈ సంగతిని ఒక గిన్నెడు పాకము, ఒక దారము పెట్టి ప్రతి యింటను పరీక్షింపవచ్చును. పాకము పెద్దలు కాచి యీయవలెను. ఓపిక మాత్రము పిల్లలు పట్టవలెను.