లండన్ బస్సు రెండో డ్యూటీ



సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు డబుల్ డెక్కర్‌లో వెళ్ళినవాళ్ళు మన శ్రోతల్లో చాలామందే ఉండి ఉంటారు. పై అంతస్తులో ముందు సీటు కోసం పిల్లలు పోటీపడిన రోజులవి. 2003 ప్రాంతంలో ఆ బస్సులు హైదరాబాద్ రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో కరెంటుతో నడిచే డబుల్ డెక్కర్లు వచ్చాయి గానీ, పాత బండ్లు మాత్రం మళ్ళీ కనపడలేదు. ఈరోజు నేను చెప్పబోయేది అలా కనుమరుగు కాని బస్సుల కథ. అవి లండన్‌లో రిటైరయ్యాయి, ఇతర దేశాలకు వెళ్ళి మళ్ళీ డ్యూటీలో చేరాయి.

ముసలి బస్సును ఎవరైనా ఎందుకు కొంటారు? కొన్నా అది ఎన్నాళ్ళు నడుస్తుంది? దీనికి జవాబు ఆ బస్సు పుట్టిన పద్ధతిలోనే ఉంది. అందుకే ముందు మిమ్మల్ని ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్తాను.

లండన్‌కు ఉత్తరాన ఎల్‌స్ట్రీ దగ్గర ఆల్డెన్‌హామ్ అనే చోట పెద్ద వర్క్‌షాపు ఉండేది. మొదట దాన్ని భూగర్భ రైళ్ళ డిపో కోసం కట్టడం మొదలుపెట్టారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, ఆ షెడ్లలో హాలిఫాక్స్ బాంబర్ విమానాల పని జరిగింది. యుద్ధం ముగిశాక అది బస్సుల ఓవర్‌హాల్‌కు దక్కింది. కొన్నేళ్ళకోసారి లండన్ బస్సులన్నీ వంతులవారీగా అక్కడికి వెళ్ళవలసిందే. బస్సు లోపలికి రాగానే బోల్టులు విప్పి, బాడీని ఛాసిస్ నుంచి వేరుచేసి, క్రేనుతో పైకెత్తేవారు. తర్వాత ఆ బాడీని పెద్ద ఇనుప చట్రంలో బిగించి పక్కకు తిప్పేవారు. అడుగుభాగం సరిగ్గా మనిషి ముఖానికి ఎదురుగా వచ్చేది. కింద దూరి, వెల్లకిలా పడుకుని చూసే పని లేదు. నిలబడే కడగవచ్చు, నిలబడే తుప్పు వెతకవచ్చు, పుచ్చిపోయిన ముక్క మార్చవచ్చు.

ఛాసిస్ ఒక లైనులో, బాడీ ఇంకో లైనులో బాగుపడుతూ పోయేవి. చివర్లో సిద్ధంగా ఉన్న ఛాసిస్ మీద సిద్ధంగా ఉన్న బాడీని దింపి, రంగు వేసి, నంబరు తగిలించి డిపోకు పంపేసేవారు. లోపలికి వెళ్ళిన బస్సుకూ బయటికొచ్చిన బస్సుకూ ఒకే నంబరు ఉండవచ్చు, కానీ అది అదే బస్సు కానక్కరలేదు. ఏ భాగం ఏ బండికైనా వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబట్టే ఇది సాధ్యమైంది. నా దృష్టిలో లండన్ ఇంజనీర్ల అసలు గొప్పతనం ఇదే. ఆ ఎర్రరంగునూ ఆ ఆకారాన్నీ లోకమంతా మెచ్చుకుంటుంది, కానీ బస్సును బతికించింది విప్పి మళ్ళీ బిగించగలిగే ఆ ఏర్పాటు.

ఈ పద్ధతికి తగ్గట్టుగా తయారైనవి ఆర్‌టీ రకం బస్సులు. 1939లో మొదలై 1954 దాకా, వాటి తోబుట్టువు రకాలతో కలిపి, దాదాపు ఏడు వేలు తయారయ్యాయి. వాటి తర్వాత వచ్చింది రూట్‌మాస్టర్. మొదటి నమూనాను 1954లో చూపించారు. 1959 నుంచి పూర్తిస్థాయిలో నడిచింది, 1968 వరకు మొత్తం 2,876 బస్సులు తయారయ్యాయి. విమానాలు కట్టిన అనుభవంతో దాని బాడీని అల్యూమినియంతో చేశారు. దీనికి వేరే ఛాసిస్ లేదు. ముందు ఇంజనూ స్టీరింగూ ఉన్న చట్రం ఒకటి, వెనక చక్రాల చట్రం ఒకటి. రెంటినీ విడివిడిగా ఊడదీసి మార్చుకోవచ్చు. అప్పటికే పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు ఉన్నాయి. పదిహేడేళ్ళు నడిస్తే చాలనుకుని చేసిన బండి కొన్నిచోట్ల నలభై ఏళ్ళు దాటింది.

మరి ఎందుకు తీసేశారు? అరిగిపోయి కాదు. ఆ బస్సుకు ఇద్దరు మనుషులు కావాలి. డ్రైవరు ముందు చిన్న క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుంటాడు. వెనక తలుపులేని ఫుట్‌బోర్డు దగ్గర కండక్టరు ఉంటాడు. మన ఆర్టీసీలో లాగే ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే పోవచ్చు. రెండో జీతం మిగుల్చుకోవాలని ముందు తలుపుతో డ్రైవరే టికెట్లిచ్చే బస్సులు తెచ్చారు. ఇంకో కారణం న్యాయమైనది, దాన్ని దాచకూడదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ ఫుట్‌బోర్డు ఎక్కలేడు. 2005 డిసెంబర్ 9న 159వ నంబరు రూటులో రూట్‌మాస్టర్ రోజువారీ సర్వీసు ముగిసింది.

అంతకు చాలాముందే పాత లండన్ బస్సులు సముద్రాలు దాటడం మొదలైంది. మన పొరుగునే ఉన్న సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, పెద్ద కొనుగోలుదారు. 1958లో ప్రైవేటు బస్సులను జాతీయం చేసి సిలోన్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు ఏర్పాటు చేశాక, ఆర్‌టీ రకం బస్సులు వందలకొద్దీ అక్కడికి చేరాయి. వాహనాలు ఎడమవైపు నడిచే దేశం కాబట్టి ఫుట్‌బోర్డు సరైన పక్కనే ఉంది. దిగిన వెంటనే పనిలో పెట్టుకోవచ్చు.

కుడివైపు నడిచే దేశాల్లో మాత్రం అది పెద్ద చిక్కు. ఫుట్‌బోర్డు వెనక ఎడమ మూలన ఉంటుంది, అంటే అమెరికాలో దిగితే నడిరోడ్డు మీద దిగినట్టే. పోనీ ఎదురుగా కుడి మూలన తలుపు పెడదామంటే అక్కడ మేడ మెట్లు మెలికలు తిరిగి ఉంటాయి. అందుకని ఇంకాస్త ముందుకు జరిగి, సీట్లు తీసి, కుడి గోడ కోసి తలుపు పెడతారు. న్యూయార్క్‌లో నగరం చూపించడానికి లండన్ పాతబస్సులు తిరిగాయి. చాలావాటికి పైకప్పు కూడా తీసేశారు.

1963లో వచ్చిన ‘సమ్మర్ హాలిడే’ సినిమాలో క్లిఫ్ రిచర్డ్, అతని తోటి మెకానిక్కులు డబుల్ డెక్కర్‌ను ఇల్లుగా మార్చుకుని ఏథెన్స్ దాకా వెళ్తారు. మొదట్లో వచ్చే కొన్ని దృశ్యాలు తీసింది ఆల్డెన్‌హామ్‌లోనే. సరిగ్గా పదేళ్ళకు, 1973లో, దాన్ని నిజం చేసినవాళ్ళు వచ్చారు. ఆస్ట్రేలియాలో పశువైద్యం చదివిన గ్రాహం టర్నర్, స్నేహితుడు జెఫ్ లోమస్‌తో కలిసి ఒక పాత డబుల్ డెక్కర్ కొని మొరాకో యాత్రకు తీశాడు. అలా టాప్ డెక్ అనే సంస్థ పుట్టింది. వాళ్ళు వాడినవి లండన్‌వి కావు, బ్రిస్టల్ లోడెక్కా అనే రకం. ఆ ఎంపికలో తెలివి ఉంది. లోడెక్కాలో వెనక ఇరుసు మధ్యభాగాన్ని కిందికి దించి, కింది అంతస్తు నేలను పల్లానికి తెచ్చారు. దాంతో బస్సు మొత్తం ఎత్తు సుమారు ఒక అడుగు తగ్గింది. దేశదేశాల వంతెనల కింద దూరవలసిన బండికి ఆ అడుగే ప్రాణం. కింద వంటిల్లు, పైన పడకలు అమర్చి లండన్ నుంచి ఖాట్మండు దాకా నడిపారు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్, ఆపైన మన ఉత్తరాది రోడ్లు దాటి నేపాల్ చేరేవారు.

నడవలేని బస్సులు కొన్ని కాఫీ కొట్లయ్యాయి, కొన్ని అద్దె గదులయ్యాయి. లండన్‌లోనే ఇల్లు లేనివారికి పడకలు వేసిన బస్సులూ ఉన్నాయి. ఆ చివరిది గొప్ప పని. కాఫీ కొట్టు విషయంలో మాత్రం నా మనసు ఒప్పదు. ఇంజను తీసేసి నేలకు దించిన బస్సు బస్సు కాదు.

అసలైన రెండో జీవితం చూడాలంటే కాలిఫోర్నియాలోని డేవిస్ వెళ్ళాలి. శాక్రమెంటోకు పక్కనే ఉన్న విశ్వవిద్యాలయ పట్టణం అది. 1968లో అక్కడి విద్యార్థి సంఘం లండన్ నుంచి రెండు ఆర్‌టీ బస్సులు తెప్పించి సర్వీసు మొదలుపెట్టింది. దానిపేరు యూనిట్రాన్స్. ఇప్పుడు కొత్తరకం బస్సులు చాలా ఉన్నాయి, నగర జనం కూడా వాటిలో తిరుగుతారు. కానీ లండన్ బండ్లను వదలలేదు. డ్రైవర్లు విద్యార్థులు, కండక్టర్లూ విద్యార్థులే. ఇరవై ఏళ్ళ అమ్మాయి తన తాతల వయసు బండిని నడపడం నేర్చుకుంటుంది. ఆర్‌టీలో పవర్ స్టీరింగ్ లేదు, చక్రం బరువుగా తిరుగుతుంది. గేరు మార్చడమూ వేరే తీరు: రాబోయే గేరును లివరుతో ముందే ఎంచుకుని, అవసరమైనప్పుడు పెడల్ తొక్కితే అప్పుడు పడుతుంది. స్టీరింగ్ కుడివైపు, అక్కడ బండ్లు నడిచేదీ రోడ్డుకు కుడివైపే. కాబట్టి డ్రైవరు పేవ్‌మెంట్ పక్కన కూర్చుని, రోడ్డు మధ్యను దూరం నుంచి అంచనా వేయాలి. ఒక బస్సుకు పాత ఇంజను తీసి సహజవాయువుతో నడిచే ఇంజను పెట్టారు. విప్పి బిగించడానికి వీలుగా పుట్టిన బండి కాబట్టే ఆ మార్పును తట్టుకుంది.

మన తెలుగు పిల్లలు కాలిఫోర్నియాలో ఎందరో చదువుతున్నారు, వాళ్ళను చూడటానికి తల్లిదండ్రులూ వెళ్తున్నారు. మీరు వెళ్ళినప్పుడు శాక్రమెంటో వైపు ఒకరోజు కేటాయించండి. పాత బస్సు ఏ రోజు, ఏ రూటులో తిరుగుతుందో డేవిస్‌లో కనుక్కుని ఎక్కండి. మేడ మెట్లు ఇరుకు, కమ్మీ గట్టిగా పట్టుకోండి. పైన ముందు సీటు ఖాళీగా ఉంటే ఇంకెవరికీ వదలకండి.