ఉప్పు, చెమట, మూత్రపిండములు

మణుగూరు ఉపరితల గనులలో మే నెలలో పనిచేసి వచ్చిన కార్మికుని చొక్కా ఆరిన పిదప చూచినచో, వీపుమీద తెల్లని చారలు కనిపించును. అది సున్నము కాదు, ఉప్పు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలను సమీపించు దినములలో, పైన సూర్యుడును క్రింద నల్లని బొగ్గుపొరయు కాల్చుచుండగా, కష్టించు మనిషి గంటకు ఒక లీటరు చెమటను సులభముగా పోగొట్టుకొనును. ఎండకు అలవాటులేని క్రొత్తవాడైనచో, మొదటి కొలది దినములు దానితోపాటు రోజుకు 15 నుండి 30 గ్రాముల ఉప్పును కూడ కోల్పోవచ్చును. నాలుగైదు వారములు గడచిన పిమ్మట, అదే మనిషి అదే ఎండలో కోల్పోవు ఉప్పు 5 గ్రాములకు మించదు. చెమట తగ్గలేదు, పైగా హెచ్చినది. చెమటలోని ఉప్పు మాత్రమే తగ్గినది.

ఈ పొదుపును అతనికి ఎవరును నేర్పలేదు. రెండు మూత్రపిండములును, వాని నెత్తిన టోపీలవలె కూర్చున్న రెండు అడ్రినల్ గ్రంథులును కలసి చేసిన పని ఇది. మన రక్తపు పోటును దినదినము నిర్ణయించుచున్నవియు ముఖ్యముగా ఇవియే. పోటు అనగానే మనము గుండెను తలచుకొందుము. గుండె రక్తమును తోయును, నిజమే. కాని తోయుటకు ఎంత ద్రవము ఉండవలెనో నిర్ణయించునది మూత్రపిండము.

ఇచట మాటను గూర్చి ఒక మాట. తలపోటు, పంటిపోటు అనుటకు అలవాటుపడిన మనము, రక్తపు పోటు కూడ ఒక నొప్పి అని భ్రమపడుచుందుము. నొప్పి లేదు గనుక జబ్బు లేదని మాత్రలు మానివేయువారు ప్రతి వీధిలోను కలరు. ఈ పోటు తలపోటువంటిది కాదు, సముద్రపు ఆటుపోటువంటిది. నిండిన నాళములో ద్రవము గోడలను ఒత్తు ఒత్తిడియే ఇది. చాలమందిలో ఇది ఏండ్లతరబడి ఒక్క బాధయు చూపదు.

ఇక మూత్రపిండము పనిని చూతము. ఒక్కొక్కటి పిడికిలంత ఉండును. బరువు 150 గ్రాములు. గుండె నిమిషమునకు 5 లీటర్ల రక్తమును పంపగా, అందులో ఒక లీటరుకు పైగా ఈ రెంటికే పోవును. ఒక్కొక్కదానిలో దాదాపు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు కలవు. ఇవి అన్నియు కలసి రోజుకు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, ఒకటిన్నర లీటరును మాత్రము మూత్రముగా విడిచి, మిగిలినదంతయు తిరిగి రక్తములోనికి పంపుచున్నవి. ఆ 180 లీటర్లలో ఒకటిన్నర కిలో ఉప్పు ఉండును. చిన్న కుటుంబమునకు నెలకు సరిపడు ఉప్పు! దానిని ప్రతిదినము బయటకు పోసి, మరల ఏరుకొని, కొలది గ్రాములను మాత్రమే వదలిపెట్టుచున్నవి.

చెమట వలన ఉప్పును నీరును తగ్గినపుడు రక్తము పరిమాణము తగ్గును, మూత్రపిండములోనికి వచ్చు ధమనిలో ఒత్తిడియు తగ్గును. వడపోత ముంగిట కావలి కాయు కొన్ని కణములు దీనిని పసిగట్టి రెనిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. కాలేయము తయారుచేసి పంపిన ఒక మాంసకృత్తును రెనిన్ ఖండించును. ఆ తునక ప్రధానముగా ఊపిరితిత్తులలో మరియొకసారి ఖండింపబడి ఆంజియోటెన్సిన్ అను తీవ్రమైన హార్మోను అగును. అది సన్నని ధమనులను బిగించును, దాహమును పుట్టించును, అడ్రినల్ గ్రంథులను తట్టి లేపును. ఆ గ్రంథులు ఆల్డోస్టిరోన్ అను హార్మోనును విడువగా, మూత్రపిండములు ఉప్పును గట్టిగా పట్టుకొనును. చెమట గ్రంథులును అదే ఆజ్ఞను పాటించును. మన కార్మికుని చెమటలో ఉప్పు తగ్గుటకు కారణమిదే. పీయూష గ్రంథి విడుచు మరియొక హార్మోను నీటిని నిలుపును. పోటు తిరిగి కుదురుకొనగానే రెనిన్ తగ్గిపోవును. చెరువు నిండగానే తూము ఎత్తినట్లు, ఉప్పు హెచ్చినపుడు దానిని విడిచిపెట్టుమని చెప్పు హార్మోను కూడ ఒకటి కలదు. అది గుండెనుండి వెలువడునని 1981లో తేలినది.

ఈ గొలుసులోని మొదటి కడియము 1898లో స్వీడనులో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారికి కుందేలు మూత్రపిండములలో దొరకినది. చాలకాలము ఎవరును దానిని లెక్కచేయలేదు. 1934లో అమెరికాలో గోల్డ్‌బ్లాట్, కుక్కల మూత్రపిండ ధమనిని చిన్న బిగింపుతో ఇరుకుచేసి, పోటు పెరుగుటను చూపెను. మూత్రపిండము మోసపోయినది! తనకు చాలినంత రక్తము రాలేదు గనుక దేహమంతట పోటు తగ్గినదని తలచి రెనిన్‌ను విడిచినది. ఆల్డోస్టిరోన్ 1953లో బయటపడినది.

ఉప్పు సముద్రతీరమున పండును, అడవిలో పండదు. పూర్వము ఎద్దుల వీపులమీద తీరమునుండి లోనాడులకు ఉప్పు వచ్చెడిది. అంత దూరము నడచి వచ్చిన ఉప్పును జనులు పొదుపుగా వాడుకొనెడివారు. మన మూత్రపిండములు అట్టి కరవుకాలమునకు తగినట్లు ఏర్పడినవి. బ్రెజిల్ అడవులలోని యానొమామీ జాతివారు ఉప్పును దాదాపు తినరు. 1988లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధనలో వారి సగటు పై అంకె 100కు లోపే ఉన్నది, వయస్సుతో పెరుగుటయు కానరాలేదు. నేడు మణుగూరు అంగడిలో ఉప్పు పొట్లము చౌక. ఆవకాయ, అప్పడము, ఎండుచేప, కారప్పూస అన్నిటిలోను ఉప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాములకు లోపు, అనగా ఒక చిన్న చెంచా. మనవారి వాడుక దానిని చాల మించినది. అధికమైన ఉప్పును బయటకు నెట్టుటకు కొందరి మూత్రపిండములకు అధికమైన పోటు కావలసివచ్చును. ఆ పోటే ఏండ్లు గడచినకొలది వడపోతలను చెరచును. చెడిన వడపోత ఇంకను హెచ్చు పోటును కోరును.

అట్లని గనిలో మే నెలలో పనిచేయువానిని ఉప్పు మానుమనుట తప్పు. 1923లోనే ఇంగ్లండులో మాస్ అను శాస్త్రజ్ఞుడు, వేడి బొగ్గుగనులలోని కార్మికులకు కండరములు కొంకర్లుపోవుటకు ఉప్పు నష్టము కారణమని కనుగొనెను. అట్టివారికి ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మేలైనవే. పోటుకు మందు వాడువారు మాత్రము ఎంత ఉప్పు తగునో వైద్యునితో నిర్ణయించుకొనవలెను. చిక్కు మరియొక చోట ఉన్నది. ఆ కార్మికుడు పదవీ విరమణ చేసి ఇంట కూర్చుండును. చెమట ఆగును, కంచములో ఊరగాయ ఆగదు. మా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త వలసినది ఈ మనిషికే, అతని వంట తినుచు ఏనాడును గనిలో దిగని ఇంటివారికే.

మందుల కథలో పాము కలదు. మన రక్తపింజర కాటు మూత్రపిండములను చెరచునని ఈ అడవి ప్రాంతమువారికి తెలియును. దాని కుటుంబమునకే చెందిన బ్రెజిల్ పాము జరరాకా విషములో, ఆంజియోటెన్సిన్ తయారీని ఆపు గుణము 1960లలో బయటపడినది. అందుండి పుట్టిన కాప్టోప్రిల్ మాత్రకు 1981లో అమెరికాలో అనుమతి లభించినది. నేడు వైద్యులు వ్రాయు 'ప్రిల్' అని ముగియు మాత్రలన్నియు దాని సంతతి. 'సార్టాన్' అని ముగియునవి ఆంజియోటెన్సిన్ పనిని అడ్డగించును. గర్భిణులు ఈ రెంటిని వాడరాదు. వాంతులు, విరేచనములు పట్టుకొన్న దినములలో వీనిని కొనసాగింపవలెనా అని వైద్యుని వెంటనే అడుగవలెను.

ఒళ్ళునొప్పులకు దుకాణమున అడిగి కొను మాత్రల సంగతి కూడ చెప్పవలెను. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి మూత్రపిండములోనికి రక్తప్రవాహమును తగ్గించును, ఉప్పును నిలుపును, పోటును పెంచును. చెమటోడ్చి ఎండిన దేహములో, పోటు మందులతోపాటు వీనిని మ్రింగినచో మూత్రపిండములకు ప్రమాదము.

పోటు 140, 90 దాటి నిలిచినచో మూత్రములో ఆల్బుమిన్ పోవుచున్నదేమో పరీక్షింపవలెను. వడపోత చెడుచున్నదనుటకు అది తొలి జాడ, కంటికి కనిపింపకముందే దొరకును. ఇక ఉప్పు తగ్గించిన కూర మొదట చప్పగా తోచును. కొన్ని వారములలో నాలుక అలవాటుపడును, అటుపిమ్మట పాత కూరయే ఉప్పుకషాయమువలె ఉండును.